ముందు రోజు, తర్వాతే ఊరు

తక్కువ ఖర్చులో ఎక్కడికైనా వెళ్లొద్దాం అనుకోగానే మన ఆలోచన ఊరి మీదకు పోతుంది. అరకా, శ్రీశైలమా, హంపీయా అని మొదలవుతుంది. ఊరు ఖాయమయ్యాక రోజు సంగతి వస్తుంది, అది దాదాపు ఎప్పుడూ శుక్రవారం రాత్రే. ఆ పైన టికెట్ల వేట, గదుల వేట. అన్నీ అయ్యాక, చేతిలో ఇంకేమీ మిగలని చోట పొదుపు గుర్తుకొస్తుంది. అప్పుడు తగ్గించుకోగలిగింది తిండి ఒక్కటే కనుక, మంచి ఊరు చూడబోయి సమోసాలతో కడుపు నింపుకుని వస్తారు. ఈ వరసలోనే లోపం ఉందని నా వాదన. యాత్ర ఖరీదు ఊరి దూరంలో ఉన్నదానికంటే బయల్దేరే రోజులో ఎక్కువగా ఉంటుంది. ముందు రోజు నిర్ణయించుకోవాలి, తర్వాత ఎంతమందిమో చూసుకోవాలి, ఆ రెండూ తేలాక వాటికి సరిపడే ఊరు వెతుక్కోవాలి. కొత్తగా పెళ్లయిన జంటకైనా, ప్రేమలో ఉన్న ఇద్దరికైనా, స్నేహితుల బృందానికైనా, ఒంటరిగా వెళ్లేవారికైనా ఈ వరస పనికొస్తుంది. దీన్ని పరీక్షించి చూడటానికి హైదరాబాదు నడిబొడ్డున అమీర్‌పేట, పంజగుట్టల కంటే మంచి చోటు దొరకదు.

ఎందుకంటే శుక్రవారం రాత్రి ఎంత ఖరీదైనదో అక్కడ కళ్లకు కడుతుంది. చీకటి పడ్డాక మైత్రీవనం నుంచి ఎస్.ఆర్. నగర్ దాకా, ఇటు పంజగుట్ట చౌరస్తా వైపు, బ్యాగులు తగిలించుకున్న జనం ట్రావెల్స్ బస్సుల కోసం రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. ఆ బస్సుల్లో టికెట్ ధర గిరాకీని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. మంగళవారం ఒక ధర పలికిన సీటే శుక్రవారం మరో ధర పలుకుతుంది. రైలు లెక్క వేరు. స్లీపర్ తరగతి ఛార్జీ వారమంతా ఒకటే. అయితే శుక్రవారం బెర్తు దొరకదు. దొరకనప్పుడు తత్కాల్‌కు పోవాలి, దానికి స్లీపర్‌లో కనీసం 100, గరిష్ఠంగా 200 రూపాయలు తలకు అదనం. పైగా ఖాయమైన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. అంటే రైల్వే శుక్రవారానికి ధర పెంచలేదు గానీ, శుక్రవారమే కావాలని పట్టుబట్టినవాళ్లు ఆ ధర మరో దారిలో చెల్లిస్తున్నారు.

ఆర్టీసీ సంగతి ఇంకా ఆసక్తికరం. పండగలకు నడిపే ప్రత్యేక బస్సుల్లో టికెట్‌ను ఒకటిన్నర రెట్ల వరకు పెంచుకునే వీలు 2003లో వచ్చిన 16వ నంబరు జీవోతో ఉంది. దీని మీద ఏటా దసరాకు, సంక్రాంతికి విమర్శలు వస్తాయి, సంస్థ ఏటా ఒకే జవాబు చెబుతుంది: నిండుగా వెళ్లిన బస్సు ఖాళీగా తిరిగి వస్తుంది, ఆ ఖాళీ ప్రయాణపు డీజిల్ ఖర్చయినా రాబట్టుకోవాలి కదా అని. పెంపు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ప్రయాణికుడికి పనికొచ్చే విషయం ఆ జవాబులోనే దాగి ఉంది. జనం వెళ్లే వైపు సీటు పిరం, అదే బస్సు వెనక్కి వచ్చేటప్పుడు అదే సీటు ఖాళీ. జనానికి ఎదురు వెళ్లగలిగినవాడికి ఎవరూ ప్రకటించని రాయితీ ఎప్పుడూ ఉంటుంది.

ఎదురు వెళ్లే వీలు ఎవరికుంది? ఇక్కడే అమీర్‌పేట ఒక వింత చూపిస్తుంది. డబ్బున్న ఉద్యోగికి శనివారం, ఆదివారం తప్ప రోజులు లేవు. డబ్బు తక్కువున్నవాళ్ల చేతిలో మామూలు రోజులు ఉన్నాయి. ఒక కోర్సు ముగిసి మరో బ్యాచ్ మొదలయ్యేలోపు హాస్టల్ గదిలో కూర్చున్న విద్యార్థికి బుధవారం ఖాళీయే. పంజగుట్ట నగల దుకాణాల్లో, మాల్ కౌంటర్లలో నిలబడే పిల్లలకు ఆదివారమే పని ఎక్కువ, వాళ్ల వీక్లీ ఆఫ్ వారం మధ్యలో పడుతుంది. నిమ్స్‌లాంటి ఆసుపత్రుల్లో నర్సులకు నైట్ డ్యూటీల తర్వాత వచ్చే సెలవు ఏ వారమైనా కావచ్చు. హోటళ్లలో పనిచేసేవారిదీ ఇదే కథ. వీళ్లందరూ అందరిలా వీకెండ్ దొరకలేదని బాధపడుతూ ఉంటారు. యాత్ర లెక్కలో చూస్తే వాళ్ల చేతిలో ఉన్నదే అసలు ఆస్తి. చిక్కల్లా ఇద్దరి ఆఫ్‌లూ ఒకే రోజు పడటంలో ఉంది. దుకాణంలో తోటివారితో రోజు మార్చుకోవడం పదిహేను రోజుల ముందు అడిగితే కుదురుతుంది, రెండు రోజుల ముందు అడిగితే కుదరదు.

మాదాపూర్‌లో ఉద్యోగం, అమీర్‌పేటలో కాపురం, సెలవు పెడితే మేనేజరు ముఖం మాడ్చుకుంటాడు, మాకేమిటి దారి అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు మంగళవారం కొనిపెట్టలేం గానీ, వారాంతాన్నే కొంచెం పక్కకు జరపవచ్చు. శుక్రవారం రాత్రి వెళ్లి ఆదివారం రాత్రి వచ్చే బదులు, ఆదివారం పొద్దున వెళ్లి సోమవారం రాత్రి వస్తే ఒకే ఒక్క రోజు సెలవు ఖర్చవుతుంది. మీరు దిగే వేళకు గదులు ఖాళీ అవుతుంటాయి. ఆదివారం మధ్యాహ్నం అనంతగిరి కొండల మీద కార్ల బారును చూసినవారికి, సోమవారం అదే కొండ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

మామూలు రోజుల్లో వెళ్తే ఇబ్బందులు లేకపోలేదు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. నాగార్జునకొండ వంటి పురావస్తు శాఖ మ్యూజియాలు కూడా శుక్రవారమే మూస్తారు. నెహ్రూ జూపార్కుకు సోమవారం సెలవు. నాగార్జునసాగర్‌లో లాంచీ తగినంతమంది పోగైతేనే కదులుతుంది, బుధవారం నాడు ఇద్దరి కోసం ఎవరూ లాంచీ తీయరు. కాబట్టి లాంచీ మీదే మనసుంటే సాగర్‌కు శని, ఆదివారాల్లో వెళ్లడమే నయం. రోజును ముందు పెట్టుకోవాలనడంలో అర్థం ఇదే. మీ రోజు సోమవారమైతే, సోమవారం బాగుండే చోటు వెతకాలి.

రోజు తేలాక తలల లెక్క. యాత్రలో ధరలన్నీ ఒక రకంగా ఉండవు. గదికి ధర తలుపు లెక్కన, బండికి చక్రం లెక్కన, టికెట్టుకూ తిండికీ తల లెక్కన. లెక్క కోసం గది 1,600 రూపాయలనీ, రెండు రోజులకు అద్దె బండి డీజిల్‌తో కలిపి 6,000 అనీ అనుకుందాం. జంటకు గది తలా 800 పడుతుంది, బండి మాత్రం తలా 3,000. ఆరుగురు స్నేహితులకు బండి తలా వెయ్యి. ఒంటరి మనిషికి గది మొత్తం తన నెత్తినే, బండి ఊహకు కూడా అందదు. అంటే జంటకు రైలూ బస్సూ, మంచి గది. స్నేహితులకు బండి, సర్దుకునే గది. ఒంటరివారికి టికెట్టు ప్రయాణం, డార్మిటరీ మంచం. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. జంట కారు అద్దెకు తీసుకుని, ఆ ఖర్చుకు భయపడి పాడుగదిలో దిగుతుంది. ఇలాంటి పొదుపు చూస్తే జాలేస్తుంది.

ఈ లెక్కను 2023 డిసెంబరు 9 నుంచి ఒక పథకం మార్చేసింది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు, కండక్టరు జీరో టికెట్ ఇస్తారు. జంట బస్సు ఖర్చు దీంతో సగానికి పడిపోయింది. నలుగురు అమ్మాయిలు కలిసి వెళ్తే ప్రయాణం ఖర్చు దాదాపు సున్నా. ఎక్స్‌ప్రెస్‌లు కిక్కిరిసి ఉంటాయన్న ఫిర్యాదులో నిజముంది, ఆ రద్దీకి మందు మళ్లీ మామూలు రోజూ, పొద్దున మొదటి బస్సూ. ఒక మెలిక మాత్రం అమీర్‌పేటకు ప్రత్యేకం. జీరో టికెట్‌కు తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. బల్కంపేట, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉండే అమ్మాయిల్లో గుంటూరు, ఒంగోలు, కడప వైపు నుంచి వచ్చినవారు ఎందరో, వాళ్ల ఆధార్‌లో ఆంధ్ర చిరునామా ఉంటుంది. ఇక్కడ వాళ్లు టికెట్ కొనాల్సిందే. అయితే 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం వచ్చింది, అక్కడ వాళ్ల కార్డే చెల్లుతుంది. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే బస్సులకు వర్తించదు గనుక, విజయవాడ దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి ఉండవల్లి గుహలు, అమరావతి చూసుకుంటే లెక్క సరిపోతుంది. ఒకే గదిలో ఉంటున్న ఇద్దరు స్నేహితురాళ్లలో ఒకరికి తెలంగాణలోని రామప్ప గుడి చవక, ఇంకొకరికి అమరావతి చవక. చిరునామా ఊరిని ఎంచడం ఎవరూ ఊహించని సంగతే మరి.

బయల్దేరే దారి గురించి చాలామంది ఆలోచించరు. ట్రావెల్స్ బస్సు అమీర్‌పేటలో ఎక్కించుకుంటుంది, అది సుఖమే. కానీ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఒక్కొక్క పికప్ దగ్గర ఆగుతూ ఊరు దాటేసరికి ఎంతసేపవుతుందో ఎక్కినవారికి తెలుసు. మెట్రోలో అమీర్‌పేట రెండు దారులు కలిసే స్టేషన్. ఒక దారి ఇటు మియాపూర్‌కు, అటు పంజగుట్ట, నాంపల్లి, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ మీదుగా ఎల్బీ నగర్‌కు పోతుంది. రెండోది సికింద్రాబాద్ మీదుగా ఉప్పల్, నాగోల్ వైపు వెళ్తుంది. విజయవాడ దారికి ఎల్బీ నగర్, వరంగల్ దారికి ఉప్పల్, బీదర్ దారికి మియాపూర్, కరీంనగర్, మెదక్ బస్సులకు పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగితే పక్కనే జూబ్లీ బస్‌స్టేషన్. రైలెక్కాలన్నా నాంపల్లి, సికింద్రాబాద్ రెండూ మెట్రో మీదే. ఊరి పొలిమేర దాకా వెళ్లి బస్సెక్కితే ఆటో డబ్బులూ మిగులుతాయి, రోడ్డు మీద సమయమూ మిగులుతుంది. తక్కువ అద్దె కోసం హాస్టల్ వెతుక్కుని ఇక్కడికి వచ్చినవాళ్లకు, తెలంగాణలో ఏ మూలకైనా వెళ్లే దారి మెట్లు ఎక్కితే చాలు.

జంట సంగతి కొంచెం వివరంగా చూద్దాం. పొద్దున్నే మెట్రోలో ఉప్పల్, అక్కడి నుంచి బస్సులో హనుమకొండ, వేయిస్తంభాల గుడి, సాయంత్రం వరంగల్ కోట, రాత్రికి అక్కడే గది. మర్నాడు ములుగు మీదుగా పాలంపేట. చివరి కొద్ది దూరం ఆటో మాట్లాడుకోవాల్సి రావచ్చు. రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నల్లరాతి మదనికలు, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం, అవతల కాకతీయుల చెరువు. ఇక్కడ చూడాల్సింది శిల్పం, శిల్పం చూడటానికి తీరిక కావాలి. ఆదివారం జనంలో ఒక్కో మదనిక ముందు సెల్ఫీల వరస కదలదు. మంగళవారం అదే రాయి ముందు ఇద్దరు పావుగంట నిలబడి మాట్లాడుకోవచ్చు. ప్రేమికులకు కావాల్సిన ఏకాంతం డబ్బు పెట్టి రిసార్టులో కొనుక్కునేదని వ్యాపారం చెబుతుంది. ఆ ఏకాంతమే సరైన రోజు ఎంచుకున్నవారికి బస్సు ఛార్జీలో దొరుకుతుంది. రిసార్టు ఖర్చును వెక్కిరించడం నా ఉద్దేశం కాదు, పెట్టగలిగినవారు పెట్టుకోవచ్చు. అది లేకపోతే యాత్రే కాదన్న మాటనే ఒప్పుకోలేను.

రాత్రి బస్సులో పడుకుంటే ఒక రాత్రి గది అద్దె మిగులుతుందని అనుభవజ్ఞులు చెబుతారు. కొన్నిసార్లు నిజమే. తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సు దింపేస్తుంది, హోటల్‌లో చెకిన్ మధ్యాహ్నం పన్నెండుకు. ఆ ఏడెనిమిది గంటలు ఎక్కడ ఉంటారు? స్నానం చేయాలన్నా అదనంగా కట్టాలి, ఒక్కోచోట పూర్తి రోజు అద్దె అడుగుతారు. మిగిలిందనుకున్న రాత్రి అలా వెళ్లిపోతుంది. మన ఊళ్లలో పాతకాలపు లాడ్జీలు కొన్ని 24 గంటల చెకౌట్ మీద నడుస్తాయి, అంటే దిగిన వేళ నుంచి లెక్క. రాత్రి ప్రయాణం చేసేవారికి ఆ ఒక్క నియమం పెద్ద హోటల్ తగ్గింపు కంటే ఎక్కువ విలువైనది. డబ్బు కట్టకముందే ఫోన్ చేసి చెకౌట్ ఏ లెక్కన అని అడగాలి. బిల్లు మీదా ఓ కన్నేయాలి: 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం.

అదే ఫోన్‌లో ఇంకో ప్రశ్న కూడా అడగాలి. పెళ్లి కాని ఇద్దరు పెద్దవాళ్లు ఒక గదిలో ఉండకూడదన్న చట్టం మన దేశంలో లేదు. 2019లో కోయంబత్తూరు కేసు ఒకటి విచారిస్తూ మద్రాసు హైకోర్టు ఈ మాటే చెప్పింది. ఇద్దరూ గుర్తింపు కార్డులు ఇస్తే సరిపోవాలి. అయినా రిసెప్షన్‌లో కూర్చున్నవాడు స్థానిక చిరునామా ఉన్నవారికి గది ఇవ్వననో, పెళ్లి ఫొటో చూపించమనో అనవచ్చు. ఎవరికి గది ఇవ్వాలో మా ఇష్టం అనే యజమానితో రాత్రి పదింటికి సామాను పట్టుకుని చట్టం మాట్లాడి గెలవడం కష్టం. ముందే అడిగి, ఒప్పుకున్నవారి దగ్గరే దిగడం మేలు. ఆ జంజాటమే వద్దనుకునేవారికి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే యాత్ర ఉండనే ఉంది. అందులో అన్నిటికంటే పెద్ద ఖర్చయిన గదే ఉండదు. పోచంపల్లి మగ్గాలు, మెదక్‌లో 1924లో పూర్తయిన చర్చి, వికారాబాద్ అడవి, అన్నీ ఆ లెక్కలోకి వచ్చేవే.

స్నేహితుల బృందాన్ని ముంచేది డబ్బు కంటే ముందు మాట. ఎనిమిదిమంది వస్తామంటారు, ఎనిమిదిమంది లెక్కన బండి మాట్లాడుకుంటారు, బయల్దేరే రోజు ఐదుగురు తేలుతారు. ఒకడికి ఇంటర్వ్యూ పడుతుంది, ఒకడికి ఇంట్లో పని. అందుకే తల లెక్కన పోయే డబ్బే ముందు కట్టాలి, చక్రం లెక్కన పోయేది చివరన కట్టాలి. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు మొదలవుతోంది, అంతకుముందు 120 రోజులు ఉండేది. ఖాయమైన స్లీపర్ టికెట్‌ను బాగా ముందుగా రద్దు చేసుకుంటే పోయేది తలకు 120 రూపాయలు. రేపు ఏ ఆఫర్ లెటర్ వస్తుందో తెలియని అమీర్‌పేట జీవితానికి ఆ 120 పెద్ద జరిమానా కాదు. అలా తల లెక్కన వెళ్లడానికి బీదర్ బాగుంటుంది, రైలుంది, బహమనీల కోట ఉంది. బండిలోనే వెళ్తామంటే శ్రీశైలం దారి గురించి ఒక మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే ఆ రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. ఆఫీసు ముగించుకుని శుక్రవారం రాత్రి హుషారుగా బయల్దేరినవాళ్లు మన్ననూరు గేటు దగ్గర కారులోనే తెల్లవార్చుకుంటారు. పొద్దున నాలుగింటికి లేచి వెళ్లడం నయం, నడిపేవాడి కళ్లకూ నయం.

ఒంటరి ప్రయాణికుడికి మన ఊళ్లు ఇంకా అలవాటు పడలేదు. చాలా సత్రాల్లో ఒక్కడే వచ్చాడంటే గది ఇవ్వరు. శ్రీశైలంలో సత్రాలు కులాల పేర్లతో ఉన్నాయి, చవకగా ఉండే ఆ గదుల్లో ఎవరికి చోటుందో చెప్పే బోర్డే ముందు పలకరిస్తుంది. దేవుడి దగ్గరకు వెళ్లినా కులం అడగకుండా మంచం దొరకదంటే అది పొదుపు ప్రశ్నను మించిన ప్రశ్న. ఒంటరివారికి ఉన్న బలం మాత్రం ఒకటుంది: ఒక్క బెర్తు ఎప్పుడైనా దొరుకుతుంది, రోజు మార్చుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. అందుకే దూరపు ఊళ్లు వాళ్లవే. విశాఖకు రాత్రి రైలు, అక్కడి నుంచి పొద్దున కిరండూల్ రైలు, యాభైకి పైగా సొరంగాలు దాటుకుంటూ బొర్రా, అరకు. ఆ రైలుకు 2017లో అద్దాల పెట్టె తగిలించారు, దాని టికెట్ ఖరీదు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నవాడికి కనిపించేవీ ఆ లోయలే, పైగా గాలి కూడా వస్తుంది. డిసెంబరు, జనవరి వారాంతాల్లో అక్కడ గదుల ధర ఆకాశంలో ఉంటుంది. ఒంటరిగా వెళ్లే అమ్మాయికి గదిలో పొదుపు కంటే బస్టాండుకు దగ్గరగా ఉండటం ముఖ్యం, వెలుగుండగానే చేరేలా టికెట్ తీసుకోవడం ముఖ్యం. అక్కడ వంద రూపాయలు ఎక్కువైనా దండగ కాదు.

చవక అంటే ప్రమాదం కదా అన్నది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది చనిపోయారు, దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు అది. 2025 అక్టోబరు 24న హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర కాలి 19 మంది ప్రయాణికులు బలయ్యారు. 2019 సెప్టెంబరు 15న, ఆదివారం నాడు, పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో బోటు మునిగింది. అందులో వరంగల్ పక్కన కడిపికొండ నుంచి కలిసి వెళ్లిన బృందం కూడా ఉంది. ఈ మూడింట్లో ఏదీ చవక టికెట్ వల్ల జరిగిన ప్రమాదం కాదు. రోజు మార్చుకుంటే తప్పేవి కూడా కావు, పాలెం బస్సు కాలింది బుధవారమే. కానీ ఒక సంగతి గమనించాలి. తొందరలో, రద్దీలో ఉన్నవాడు ఏ బస్సు దొరికితే అది, ఏ బోటు కదిలితే అది ఎక్కుతాడు. ఏటికి వరద ఉందంటే ఇంకో వారం వెళ్దాం అనగలిగేది రోజు తన చేతిలో ఉన్నవాడే. బస్సెక్కగానే అత్యవసర ద్వారం ఎటుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూడండి. బోటులో లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే దిగిపోండి, కట్టిన డబ్బు పోయినా సరే.

ఇంత లెక్కలేసుకుంటే అందులో సరసం ఏముంటుంది అని నవ్వేవారికి ఒక్కటే చెబుతాను. యాత్రలో జంటలు గొడవపడేది ఎక్కువగా డబ్బు దగ్గరే, అదీ ముందుగా అనుకోని డబ్బు దగ్గర. లెక్క ఇంటి దగ్గర తేల్చుకుంటే దారిలో దాని ప్రస్తావన రాదు. 1830లో కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ అంగళ్లున్నాయా, బావులున్నాయా, బస దొరుకుతుందా అని రాసుకుంటూ పోయాడు. ఆ వివరాలే ఈనాడు ఆయన పుస్తకానికి ప్రాణం. ఇదంతా మావల్ల కాదు, ప్యాకేజీ తీసుకుంటాం అనేవారూ ఉంటారు. వాళ్లకు పంజగుట్ట దాటగానే గ్రీన్‌లాండ్స్‌లో పర్యాటక సంస్థ కార్యాలయం ఉంది. వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకెళ్లేటప్పుడు ప్యాకేజీ నిజంగా మేలే. ఇద్దరు పడుచువాళ్లకు మాత్రం గైడు గంట కొట్టగానే బస్సెక్కే యాత్ర ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక పండగల మాట. సంక్రాంతికి ఊరు మొత్తం విజయవాడ దారి పడుతుంది, పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరతాయి. సరిగ్గా ఆ మూడు రోజులు హైదరాబాదంత ఖాళీ ఊరు ఇంకోటి ఉండదు. గోల్కొండకు టికెట్ 25 రూపాయలు, బాలాహిస్సార్ మెట్ల మీద తోసుకోనక్కర్లేదు, పంజగుట్ట నుంచి ట్యాంక్‌బండ్‌కు సాయంత్రం నడిచి వెళ్లవచ్చు. ఒకరిది ఆంధ్ర, ఒకరికి ఇక్కడే డ్యూటీ అయిన జంట ఉంటే, ఇక్కడున్నవారు టికెట్ కోసం యుద్ధం చేసే బదులు అక్కడున్నవారే పండగ ముందు రోజు ఇటు రావచ్చు, ఖాళీగా వెనక్కి వచ్చే బస్సులు ఆ వైపువే. పండగకు మెస్ మూసేసే హాస్టళ్లుంటాయి కనుక, ఆ మూడు రోజులూ వంట ఉంటుందో లేదో వార్డెన్‌ను ముందే అడిగి పెట్టుకోవాలి.